మార్చుకున్న బిళ్లలు

నమోదు 9,204

ఇది గాలి తెరల పుస్తకం. పైన ఉన్న అంకె నేను చంద్రుడి మీదకు వచ్చాక గడిచిన రోజుల లెక్క. ఇరవై రెండేళ్లు ఈ సొరంగంలో గాలిని వడగట్టే తెరలు దులిపి, ఉతికి, దీపాల కింద ఆరబెట్టి, ఏ తెర ఏనాడు మార్చానో ఇందులో రాస్తూ వచ్చాను. పని మానేసి మూడేళ్లయినా పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది. వెనక్కి ఇమ్మని ఎవరూ అడగలేదు, నేనూ గుర్తు చేయలేదు. చివర నలభై కాగితాలు ఖాళీగా ఉన్నాయి. రాయడానికి ఈవేళ ఒక విషయం దొరికింది. దొరక్కపోతే బాగుండేది.

నా పేరు దాలయ్య. వయసు డెబ్బై ఒకటి. నా చదువంతా యంత్రాల పెట్టెల్లో వచ్చే పుస్తకాల నుంచి ఏరుకున్నదే. మొదట చదివిన పెద్ద పుస్తకం ఒక పంపు గురించి. అందులో చెప్పిన ప్రతి లోపానికీ కింద మందు రాసి ఉండేది. లోకంలో అన్ని పుస్తకాలూ అలాగే ఉంటాయని చాలాకాలం అనుకున్నాను.

మూడు నెలలుగా సాయంత్రం కాంటీన్ గంట కొట్టే వేళకి ఒళ్లు వెచ్చబడుతోంది. నడుముకు ఎడమ పక్క ఎవరో బొటనవేలితో నొక్కి పట్టుకున్నట్టు ఉంటోంది. చంద్రుడి మీద బరువు తక్కువ కాబట్టి మనిషి చిక్కినా కాళ్లకు తెలియదు. అంగీకి తెలుస్తుంది. మా ఆవిడ గున్నమ్మ పొద్దున్నే నా అంగీని భుజం దగ్గర పట్టుకుని లాగింది.

"ఇందులో ఇంకో మనిసి పడతాడు. ఆస్పత్రికి నడువు."

"రేపెల్దాం."

"రేపు నాకు కాళీ నేదు."

"నాకుంది కదా."

"నీకెప్పుడు నేదు గనక. నడువు."

ఆస్పత్రిలో బల్ల మీద పడుకోబెట్టి లోపలి బొమ్మలు తీశారు. ఆ బొమ్మలు చదివే యంత్రాన్ని మేము పెద్దకన్ను అంటాం. కోత కోసే ఉక్కు చేతులు కూడా దానివే. డాక్టర్ షాహీన్ అని ఒక అమ్మాయి, వచ్చి రెండేళ్లయింది, పెద్దకన్ను చెప్పింది మనకు అర్థమయ్యే భాషలోకి మారుస్తుంది. ఆమె తెర వైపు చూసి, నా వైపు చూసి, మళ్లీ తెర వైపే చూసింది. రెండోసారి అంతసేపు చూడాల్సిన పని లేదు.

"దాలయ్యగారూ, ఎడమ కిడ్నీలో గడ్డ కనబడుతోంది. నాలుగున్నర సెంటీమీటర్లు. క్యాన్సర్ కావడానికి నూటికి తొంభై ఏడు పాళ్లు అని పెద్దకన్ను అంటోంది."

ఎడమ కిడ్నీ అని ఆమె అలవాటు కొద్దీ అంది. నాకున్నది అదొక్కటే. కుడిది పదిహేనేళ్లుగా గున్నమ్మ కడుపులో ఉంది. గున్నమ్మది ఉద్దానం. ఆ పేరు చెబితే మావైపు వాళ్లకి ఇక కిడ్నీ కథ వేరే చెప్పక్కరలేదు.

నమోదు 9,205

భయపడుతున్నాను. ముందు ఆ మాట రాసేస్తే మిగతాది రాయడం సులువవుతుందనుకున్నాను. కాలేదు.

డాక్టరమ్మ చెప్పింది ఇది. గడ్డ పెరిగి పక్కకు పాకకముందే కిడ్నీ తీసేయాలి. తీసేస్తే ఒంట్లో రక్తం కడిగేది ఉండదు. ఇక్కడ రక్తం కడిగే యంత్రం ఒక్కటే ఉంది, అది ప్రమాదాల్లో దెబ్బతిన్నవాళ్ల కోసం. ఒకసారి నడిస్తే నూట ఇరవై లీటర్ల నీళ్లు తాగుతుంది కనుక ఒక మనిషికి ఆరు వారాలకు మించి ఇవ్వరు. భూమికి దింపుదామంటే, ఇరవై అయిదేళ్లు తేలికగా కొట్టుకోవడం మరిగిన నా గుండె అక్కడి బరువును ఒక్కపూట కూడా తట్టుకోదు. ఇంకొకరి కిడ్నీ పెట్టాలంటే ముందు అయిదేళ్లు క్యాన్సర్ లేదని రుజువు కావాలి. అయిదేళ్లకూ ఆరు వారాలకూ మధ్య కొంచెం తేడా ఉంది.

"తీయకపోతే?" అన్నాను.

"ఏడాది. కొంచెం అటూ ఇటూ."

"అది క్యాన్సరే అని ఎలా తెలుసు? సూది గుచ్చి చూడరా?"

"చూడొచ్చు. కానీ మీకున్నది ఒంటి కిడ్నీ. సూది పోటుకి రక్తం ఆగకపోతే అదే పోతుంది. నెలల తరబడి లోపల చీము పట్టి గడ్డకట్టినా బొమ్మలో ఇలాగే కనిపించొచ్చు. చాలా అరుదు. ఆ అనుమానం ఉంటే పెద్దకన్ను సూదికి ఒప్పుకునేది. మీ రికార్డులో రెండేళ్లుగా చీము అన్నదే లేదు. నాలుగు నెలల్లో రెండుసార్లు రక్తపు చాయ మాత్రం ఉంది. అది గడ్డ వైపే చూపిస్తుంది."

కోతకి రోజు పెట్టారు. 9,210. అయిదు రోజులు.

గున్నమ్మకి ఇంకా చెప్పలేదు. రాయి ఉందన్నారని చెప్పాను. "రాయేనా, అంతే కదా" అని నా మొహంలోకి చూసింది. నేను కాంటీన్ గోడ మీద రంగు ఎలా పెచ్చులూడుతోందో చూశాను. రంగు గురించి నాకు చాలా తెలుసు. మొదటి పన్నెండేళ్లూ గోడలకు వేసిన తెల్లరంగు గాలి తెరల్లో పిండిలా చేరేది. ఎవరైనా అడిగితే గంటసేపు చెప్పగలను. గున్నమ్మ అడగలేదు.

నమోదు 9,206

పొద్దున్న మరుగుదొడ్డి సీటు మీద కూర్చుని ఉండగా నాకు తెలివి వచ్చింది.

ఇక్కడ ఎవరికైనా లేవగానే మొదటి పని ఒకటే. మెడలో వేలాడే పేరు బిళ్ల సీటు పక్కన ఆనించి ఒంటికి పోసుకోవాలి. సీటు దాన్ని రుచి చూసి, ఎవరి ఒంట్లో ఏముందో ఆస్పత్రికీ కాంటీన్‌కీ చెబుతుంది. కాంటీన్ ఆ పూట నుంచి ఎవరికి ఎంత ఉప్పు, ఎంత కారం అన్నది తేలుస్తుంది. నాలాంటి ఒంటి కిడ్నీ ముసలివాడికి ఆవకాయ చుక్క కూడా రాదు. ఆవకాయ అంటే ఇక్కడ పండించిన పచ్చి బొప్పాయితో పెట్టేది. దాన్ని ఆవకాయ అనడం న్యాయం కాదు. కానీ అందులో ఆవపిండి నిజం.

బయటి పనివాళ్లకి మాత్రం ఈ లెక్క లేదు. దుమ్ములో, గాలి సూటులో చెమటోడ్చుతారు కనుక సీటు ఏం చెప్పినా వాళ్ల ఉప్పు ఆపరు. ఈ సంగతి మా ఇళ్ల వరసలో ముసలివాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. పొద్దున్నే వరస మూల మీద బయటి పనివాడితో బిళ్ల మార్చుకుంటారు. వాడి ఒంటేలు మన పేరున, మనది వాడి పేరున. తిరిగి మార్చుకుని కాంటీన్‌కి పోతే మన ఆకులో ఆవకాయ పడుతుంది. వాడిది ఎలాగూ పడుతుంది. ఎవరికీ నష్టం లేదు. కనీసం మేము అలా అనుకున్నాం.

నేను రెండేళ్లుగా మార్చుకుంటున్నది కూర్మారావుతో. నలభై ఏడేళ్ల మనిషి, నాకు మేనల్లుడి వరస. బయటి పని పరీక్షకి చదివించింది నేనే. పంపుల పుస్తకం మూడుసార్లు అప్పచెప్పించాను. ఆ మొహమాటానికే బిళ్ల ఇస్తున్నాడు.

అంటే రెండేళ్లుగా అద్దంలా ఉన్న ఆ ఒంటేలు నాది కాదు.

ఈవేళ నా బిళ్లతోనే పోశాను. పొద్దెక్కేసరికి డాక్టరమ్మ పిలిపించింది.

"నిన్నటిదాకా లేదు. ఈరోజు చీము నిండుగా ఉంది."

"అయితే సూది గుచ్చుతారా?"

"పెద్దకన్నుని అడిగాను. ఒక్కరోజు కనిపించే చీము, క్యాన్సర్ గడ్డ ఉన్నవాళ్లకైనా వస్తుందంది. నెలలుగా ఉన్నట్టు చూపిస్తేనే సూదికి ఒప్పుకుంటుందట."

"తొంభై ఏడు ఎంతైంది?"

"తొంభై ఆరు."

మధ్యాహ్నం కాంటీన్‌లో నా ఆకులో ఆవకాయ లేదు. ఆ సీటు పనితనంలో లోపం పట్టడానికి లేదు.

నమోదు 9,207

కూర్మారావు బయటికి వెళ్లే తలుపు గది దగ్గర సూటు మీద దుమ్ము దులుపుకుంటున్నాడు. బయట దుమ్ము గాజుపొడి లాంటిది. బ్రష్షుతో కాదు, అయస్కాంతపు పట్టీతో దులపాలి. ఇది కూడా నేను నేర్పిందే. మాట మొదలుపెట్టలేక ఆ పట్టీని గురించే కాసేపు మాట్లాడాను.

"మావా, ఏటి సంగతి? నువ్వు పట్టీ గురించి సెప్పడానికి ఇంత దూరం రావు."

చెప్పాను. గడ్డ, ఆరు వారాలు, చీము, బిళ్ల, అన్నీ. అతను పట్టీ పక్కన పెట్టాడు.

"అందుకేనేటి నాకు మూడుసార్లు మాత్రలు ఇచ్చారు. మూత్రంలో ఇన్‌ఫెక్షనన్నారు. నాకేటీ నేదురా బాబూ అన్నాను. మింగమన్నారు. నీ రోగానికి నాను మందు తిన్నాను మావా."

"గుణం కనబడిందా?"

"కడుపు సెడింది."

ఇద్దరం నవ్వాం. తరవాత నవ్వు ఆగిపోయింది. 

బయటి పనివాడు బిళ్ల మార్చాడని తెలిస్తే హెల్మెట్టు దించేస్తారు. ఏడాదికని అంటారు గాని నలభై ఏడులో దించినది మళ్లీ ఎక్కదు. ఆ మనిషి తిరిగి కూరల అరల్లో తడులు పెట్టుకోవాలి. కూర్మారావు బయటికి వెళ్లడానికి పదకొండేళ్లు ఎదురుచూశాడు. కొండ అంచున భూమి లేచి ఉంటుందట, దాని కింద పని చేస్తుంటే ఎవరో చూస్తున్నట్టు ఉంటుందట. చూస్తే చూడనీ అని ఎప్పుడూ అంటాడు.

"నీ మాట నేకుండా సెప్పను," అన్నాను.

"ఆలోసించుకోనీ మావా."

"ఎల్లుండి మర్నాడే కోత."

"తెలుసు. ఆలోసించుకోనీ."

నేను అతన్ని తప్పు పట్టలేదు. తప్పు పట్టాలని చాలా అనిపించింది.  

నమోదు 9,208

భయం గురించి నాకు ఇంతకుముందు తెలిసిందల్లా గాలి ఆగడం. నేను పనిలో చేరిన ఏడో ఏట మూడో వరసలో పంఖా ఆగింది, ఇరవై నిమిషాలు. అప్పుడు చేతులు వాటంతటవే పని చేశాయి. ఆ భయానికి చెయ్యడానికి ఏదో ఒకటి ఉండేది. దీనికి లేదు. అన్నం ముద్ద చేత్తో పట్టుకుని, ఈ ముద్దలో నీరు ఎటు పోతుంది అని ఆలోచిస్తున్నాను. కిడ్నీ తీసేశాక మంచినీళ్లు రోజుకి రెండు గ్లాసులట. వాచిన కాళ్లు నొక్కితే గుంట పడుతుందట. ఉద్దానంలో గున్నమ్మ తండ్రి కాళ్ల మీద ఆ గుంటలు చూశాను. పెళ్లికి ముందు, పిల్లని చూడటానికి వెళ్లినప్పుడు. ఆయన లుంగీ కిందికి లాక్కున్నాడు.

గున్నమ్మ ముద్ద వంక చూసింది.

"రాయి కాదు కదా."

"కాదు."

"సెప్పు."

ఆవకాయ దగ్గర నుంచి మొదలుపెట్టాను. అసలు సంగతి చివర వస్తుందని నా ఆశ. ఆమె మధ్యలోనే అందుకుంది.

"రెండేళ్లుగా నీ ఆకులో ఆ పచ్చడి ఎలాగొచ్చిందో నాకు తెల్దనుకున్నావేటి? ముసిలోడు, నాలిక సచ్చిపోనాది, తిన్నీ అని ఊరుకున్నాను. నాను నోరు మూసుకున్న పాపం ఇది."

"నీ పాపమేటి ఇందులో."

"నీది సగం, నాది సగం. కిడ్నీలు పంచుకున్నాం, ఇది పంచుకోడానికేటి." కంచం తీసి పక్కన పెట్టింది. "డాక్టరమ్మకి సెప్పీసావా?"

"కూర్మారావు మాట కావాలి. మాటిచ్చాను."

ఆమె లేచింది. చెయ్యి కడుక్కుని, చెంగుతో తుడుచుకుని, కూర్మారావు వాళ్ల వరస వైపు నడిచింది. అర్ధగంటలో తిరిగొచ్చింది. ఏమన్నావు అని అడిగితే "ఏటీ అన్లేదు" అంది.

నమోదు 9,209

ఆస్పత్రి వాళ్లు ఒక రోజు ముందే రమ్మన్నారు. వీపు మీద మందు పూసి, కోయాల్సిన చోట నీలం గీత గీశారు. గీత గీసిన కుర్రది చెయ్యి తిరిగిన మనిషి. తిన్నగా వచ్చింది.

పది గంటలకు కూర్మారావు వచ్చాడు. హెల్మెట్టు చంకలో ఉంది. రెండు బిళ్లలూ, తనదీ, నా మెడలోంచి అప్పుడే తీసినదీ, డాక్టరమ్మ బల్ల మీద పెట్టాడు.

"డాక్టరుగారూ, ఈ మనిసి చీము నా పేరున ఉంది. రెండేళ్లుగా బిళ్లలు మార్చుకున్నాం. సూడండి."

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కోపం వచ్చింది. ఆ అమ్మాయికి కోపం రావడం అదే చూశాను.

"మీ ఇద్దరికీ పిచ్చి పట్టిందా? ఈ రికార్డు చూసి మందులిస్తాం. ఈ రికార్డు చూసి కోస్తాం."

"పచ్చడి కోసం డాక్టరమ్మా," అన్నాను.

అన్నాక, అనకుండా ఉండాల్సింది అనిపించింది. ఆమె నా వైపు చూడలేదు. కూర్మారావు రికార్డు తెరిచింది. నాలుగు నెలలు నిలువునా చీము. దాన్ని నా పేరు కిందికి మార్చి పెద్దకన్నుకి చూపించింది. అది ఆలోచించుకునేంత సేపూ తెర మీద ఒక చుక్క తిరుగుతూ ఉంది. తరవాత తొంభై ఆరు కాస్తా అరవై ఒకటయింది. సూదికి ఒప్పుకుంది.

"అత్త ఏటంది నీతో?" అని కూర్మారావుని పక్కకు పిలిచి అడిగాను.

"ఏటీ అన్లేదు మావా. వచ్చి కూకుంది. నా హెల్మెట్టు అద్దం తీసుకుని తుడిసింది. శుభ్రంగా తుడిసింది. నా సేతికిచ్చి ఎల్లిపోనాది."

హెల్మెట్టు అక్కడే ఆస్పత్రి బల్ల మీద వదిలి వెళ్లాడు. దించేవాళ్లు వచ్చి తీసుకుంటారు కదా అన్నాడు.

సూది మధ్యాహ్నం గుచ్చారు. గుచ్చిన తరవాత రెండు గంటలు కదలకూడదు. రక్తం ఆగకపోతే ఆ గదిలోనే కిడ్నీ తీసేస్తారు, ఉక్కు చేతులు నా తల మీదే వేలాడుతున్నాయి. గున్నమ్మ నా బొటనవేలు పట్టుకుని కూర్చుంది. చెయ్యి పట్టుకుంటే సూదికి కదులుతానని కాలి బొటనవేలు. రక్తం ఆగింది.

నమోదు 9,211

క్యాన్సర్ కాదు.

మూత్రం దారిలో చిన్న రాయి ఇరుక్కుందట. దాని వెనక చీము నెలల తరబడి నిలిచిపోయిందట. ఒంట్లో కాపలా కణాలు దాన్ని తిని, కొవ్వు మింగి, ఉబ్బి, పసుపు రంగు ముద్దగా పేరుకున్నాయట. బొమ్మలో చూస్తే అచ్చం గడ్డే. దాని పేరు జాంథోగ్రాన్యులోమాటస్ పైలోనెఫ్రైటిస్. డాక్టరమ్మ చేత నాలుగుసార్లు చెప్పించుకుని రాసుకున్నాను. అంత పొడుగు పేరున్న రోగంతో మనిషి చావడం కష్టమని నా అభిప్రాయం. సాధారణంగా దీనికీ కిడ్నీ తీసేస్తారట. నాది ఒకవైపే పట్టింది కనుక రాయి తీసి, గొట్టంతో చీము లాగి, నాలుగైదు నెలలు మందులిచ్చి చూస్తారట.

గున్నమ్మ విని గోడ వైపు తిరిగింది. భుజాలు కదిలాయి. ఎంతసేపని నేను లెక్కపెట్టలేదు.

నేను నవ్వుతూ ఉండగానే డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు లాక్కుంది. ఆమె నవ్వడం లేదు.

"దాలయ్యగారూ, మీ పేరున ఉన్న ఒంటేలు మీది కాదు."

"కాదు. కూర్మారావుది."

"అందులో రెండుసార్లు రక్తపు చాయ ఉంది."

నాకు ఆ మాట మొదటి రోజే చెప్పారు. విన్నాను, ఈ పుస్తకంలో రాసుకున్నాను కూడా. చీము ఎవరి పేరున ఉందా అని నాలుగు రోజుల పాటు తల బద్దలు కొట్టుకున్నవాణ్ని, రక్తం ఎవరిదని ఒక్కసారి అనుకోలేదు. భయపడినవాడికి తన ఒళ్లు తప్ప ఇంకొకటి కనబడదు కాబోలు. కాబోలు కాదు, అంతే.

ఇంకో ఆలోచన వచ్చింది, రాయడానికే సిగ్గుగా ఉంది. నేను నోరు మూసుకుని నా కిడ్నీ తీయించుకుని ఉంటే, కిడ్నీ లేని మనిషి పేరున రోజూ ఒంటేలు వస్తూ ఉండేది. అప్పుడైనా పెద్దకన్ను కంగారుపడేదా అని.

కూర్మారావుకి కబురు పంపారు.

నమోదు 9,212

అతను కూరల అరల దగ్గర నుంచి తడి చేతులతో వచ్చాడు. హెల్మెట్టు నిన్ననే దించేశారు.

"ఇదేటి మావా, నువ్వు బాగైతే నన్ను పడుకోబెడతారేటి?"

"ఊరికే చూస్తారంట."

"నాకేటీ నేదు. గుర్రంలాగున్నాను."

బల్ల మీద పడుకోబెట్టి బొమ్మలు తీశారు. నాకు బయట కూర్చునే ఓపిక లేక, ఒంట్లో గొట్టంతోనే లోపలికి వెళ్లి నిలబడ్డాను. డాక్టరమ్మ తెర వైపు చూసింది, అతని వైపు చూసింది, మళ్లీ తెర వైపు చూసింది. ఆ రెండో చూపు నాకు తెలుసు. అతనికి తెలియదు. అతను నా వైపు చూసి కళ్లెగరేశాడు, అయిపోయిందా అన్నట్టు.

"కుడి కిడ్నీ అంచున ఉంది," అంది ఆమె. "రెండు సెంటీమీటర్లు. మీకు చీము లేదు, జ్వరం లేదు. ఇది అసలుదే అనుకుంటున్నాను. సూదితో నిర్ధారిస్తాం. కానీ చిన్నది, పక్కకు పాకలేదు. అంచు వరకు కోసి తీసేస్తే కిడ్నీ మిగులుతుంది. ఇంకో ఏడాది ఆగి ఉంటే ఈ మాట చెప్పలేకపోయేదాన్ని."

కూర్మారావు అంగీ బొత్తాలు పెట్టుకున్నాడు. ఒకటి తప్పు కన్నంలో పెట్టాడు, విప్పి మళ్లీ పెట్టాడు, మళ్లీ తప్పే. నేను క్షమించమని అడగాలనుకున్నాను. ఏ రోజు బిళ్లకని అడగను? రెండేళ్లలో రోజుకొకటి.

బయట బెంచీ దాకా ఇద్దరం నడిచాం. అతను నిలబడిపోయాడు.

"మావా. నీకు సెప్పినప్పుడు, మొదటి రోజు, ఏటి సేసావు?"

"కూకున్నాను. కాళ్లు నేవలేదు."

"ఎంతసేపు?"

"మీ అత్త వచ్చి నేపేదాకా."

కూర్మారావు బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన చెయ్యి వేసి చోటు చూపించాడు.

"అయితే కూకో."

గొట్టం సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.